ఆ పిల్లకు సైటు ఉందా?

మాది మార్కాపురంలో కళ్లద్దాల దుకాణం. బస్టాండుకు దగ్గర, పక్కనే టీ కొట్టు. నాయన పెట్టాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు పరీక్ష చేసేదీ నేనే, ఫ్రేములు బిగించేదీ నేనే, మరీ గీచి గీచి బేరమాడితే కసురుకునేదీ నేనే. "ఈ నోటికి మనుషులు మెట్టెక్కకుండా పారిపోవాల, ఎట్ల వస్తన్నారో!" అంటుంది మా అమ్మ. ఆమెకు పొద్దు పోయేదీ ఆ దుకాణంలోనే, కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని.

ఎందుకు వస్తున్నారో నాకు తెలుసు. ఆ సంగతి ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు, అందుకే రాస్తున్నాను. రాసే ముందు ఇందులో ఉన్నవాళ్లనందరినీ అడిగాను. పేర్లు లేకుండా రాసుకోమన్నారు. ఒకాయన మాత్రం తన కంటి సంగతి రాయడానికి వీల్లేదంటే వీల్లేదన్నాడు. సరే, అది రాయను.

మా వైపు ఒక చిక్కుంది. ఇక్కడ ఎవరికీ ఎవరూ పరాయివాళ్లు కాదు. మెట్టెక్కిన ప్రతి మనిషికీ నేను అక్కనో పాపనో చిన్నమ్మనో అయిపోతాను. వరసలు కలిశాక ఇంక దాపరికమేముంది? "మా మామకు ఆపరేషన్ చెప్పినావంట, ఏ కంటికి?" అంటారు. ఆ మామ ఏ వైపు మామో ఆ దేవుడికే తెలియాలి! "మా అక్క వచ్చిందంట గదా నిన్న, ఎంత ఖర్చయింది?" అంటారు. "ఆ సార్ ఫోన్ నంబరుంటే ఇయ్యి, మనోడేలే" అంటారు. అడిగేవాళ్లలో చాలామందికి చెడు తలంపు ఏమీ ఉండదు. మన మనుషుల సంగతి మనం అడిగితే తప్పేంది అని వాళ్ల లెక్క. నేను "ఏమో, గుర్తులేదు" అని మాట మార్చేదాన్ని. ఒక పిల్లకు పెళ్లి సంబంధం వచ్చేదాకా బండి అలాగే నడిచింది.

ఆ పిల్లది పెద్దారవీడు దగ్గర పల్లె. సేద్యం చేసుకునే ఇల్లు. మార్కాపురంలోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. చిన్నప్పటి నుంచీ నా దగ్గరే అద్దాలు. పవరు మైనస్ తొమ్మిది. ఈ అంకె ఆ పిల్లే రాయమంది. "సరిగ్గా రాయక్కా, ఎక్కువ రాయబాకు, తక్కువా రాయబాకు" అని మరీ చెప్పింది. అద్దాలు తీస్తే ఎదురుగా నిలబడ్డ నా ముఖం కూడా పోల్చుకోలేదు. పెట్టుకుంటే చివరి బెంచీలో కాపీ కొట్టే పిల్లోడు కూడా తప్పించుకోలేడు. అద్దాలున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు.

అయినా దానివల్లే రెండు సంబంధాలు పోయాయి. మొదటివాళ్లకు ఎవరో సైటు ఉందని చెప్పారు. మా వైపు చూపు ఆనకపోవడాన్ని సైటు అనే అంటారు. రెండోవాళ్ల చెవిలో పడేసరికి అది "ఒక కన్ను అస్సలు కనపడదంట" అయి కూర్చుంది. ఇంకో ఊరు దాటితే రెండో కన్ను కూడా పోయేది! ఆ రెండుసార్లూ పిల్ల నోరు తెరిచి ఒక్క మాట చెప్పుకునే వీలే లేకపోయింది.

మూడో సంబంధం వచ్చిన రోజున బడి నుంచి పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, మళ్లా ఒకటి వచ్చింది. కొనకనమిట్ల వైపు. ఇంటికాడ గొర్రెల మంద ఉంది. ఆయనేమో గిద్దలూరులో మోటార్లు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. ఫోన్లో మాట్లాడినాం. నవ్వు బాగుందక్కా!"

"ఫోన్లో నవ్వు కనపడిందా నీకు?"

"దానికి పవరెందుకక్కా!" అని తనే నవ్వేసింది. తర్వాత కౌంటరు మీద ఉన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆదివారం చూడను వస్తన్నారు. మా అమ్మ లెన్సులు పెట్టుకోని కూర్చోమంటాంది. నేను పెట్టుకోను. ఫోన్లో చెప్పినా అది నలుగురి నోళ్లలో పడి ఏమైతదో నాకు తెలుసు. అందుకే అద్దాలతోనే కూర్చోని, అందరి ముందర, నా నోటితో నేనే చెప్తా. పోతే పోనీ. ఈసారి నేను చెప్పినదానికే పోవాల. అంతదాకా ఎవురడిగినా నువ్వు చెప్పొద్దక్కా."

"నా ప్రాణం పోయినా చెప్పను" అన్నాను. మాట ఇచ్చేటప్పుడు అంత తేలికగానే ఇస్తాం.

రెండు రోజులన్నా కాకముందే పెళ్లికొడుకు తల్లి దిగింది! ఆమె నాకు పాత మనిషే. వాళ్లాయనకు అద్దాలు చేయించడానికి తీసుకొచ్చింది నా దగ్గరికే. నేను పెద్దమ్మా అంటాను. వచ్చీరాగానే సంచి కింద పెట్టి, కౌంటరు మీదికి వంగి, గుసగుసగా అడిగింది. గుసగుస అని ఆమె అనుకుంది. ఏండ్ల తరబడి గొర్రెలను అదిలించిన గొంతు అది, రోడ్డు అవతలికి వినపడింది.

"పాపా, మా వానికి సంబంధం చూస్తన్నాం. పెద్దారవీడు కాడి పిల్ల, బళ్లో టీచరు. నీ కాడికి వస్తాదంట గదా. ఆ పిల్లకు సైటు ఉందా?"

నేను నోరు తెరిచేలోపే, నాకు టీ ఇవ్వడానికి వచ్చిన పక్క కొట్టాయన అందుకున్నాడు. "సైటా? ఆ పిల్లకా? సైటు యాడుంది పెద్దమ్మా! ఆ ఇంటివాళ్లు నాకు బాగా తెలుసు. సైటూ లేదు, గియిటూ లేదు."

ఆమె ముఖం చాటంత అయింది. "లేదా! నిజమేనా నాయనా?"

"ఒట్టు! ఈ టౌన్లో ఎవురికి సైటు ఉందో ఎవురికి లేదో నాకు తెలిసినంత ఇంకెవురికి తెలుసు?"

నిజమే, ఆయనకు తెలుసు. ఆయన టీ అమ్మేదానికన్నా ఇళ్ల స్థలాల బేరాలు చేసేది ఎక్కువ! మా ఊళ్లో ఇప్పుడు ఎవరి నోట విన్నా సైట్లు, ప్లాట్లు, లేఅవుట్లు. ఆయన దృష్టిలో సైటంటే నాలుగు రాళ్లు పాతిన స్థలం ఒక్కటే. ఆమె అడిగింది కన్ను, ఆయన చెప్పింది జాగా. నవ్వాలో ఏడవాలో తెలియక టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

నేను ఊరకుంటే ఆమె "లేదు" అనే మాట మూటగట్టుకుని ఇంటికి పోతుంది. ఆదివారం ఆ పిల్ల అద్దాలతో వచ్చి కూర్చోగానే "మాకు లేదని చెప్పి మోసం చేసినారు" అని లేస్తుంది. ధైర్యంగా చెప్పుకోవాలనుకున్న పిల్ల కాస్తా దొరికిపోయిన దొంగవుతుంది. నేను నోరు విప్పితే మాట తప్పినట్టే.

"పెద్దమ్మా, ఆగు" అన్నాను. "ఆయన చెప్పేది ఇంటి స్థలం సంగతి. నువ్వడిగేది కంటి సంగతి."

"కన్నా!" టీ కొట్టాయన నాలుక కరుచుకున్నాడు. "నేను ప్లాటు అనుకుంటి గదక్కా!"

"అయితే కంటి సంగతి నువ్వు చెప్పు పాపా" అంది ఆమె.

"చెప్పను పెద్దమ్మా."

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "చెప్పనంటే ఉన్నట్టే గదా!"

అబ్బా, ఎంత సూటిగా పట్టుకుంది! లేకపోతే లేదని చెప్పడానికి ఎవరికైనా ఏమి అడ్డం? ఉన్నప్పుడే కదా మనుషులు నీళ్లు నమిలేది. నోరు మూసుకుని కూడా బయటపెట్టేయొచ్చని నాకు అప్పుడు తెలిసొచ్చింది. వెనక నుంచి మా అమ్మ నా కొంగు లాగుతోంది, "లేదని చెప్పి పంపిచ్చరాదా, నీదేం పోతది" అని. అబద్ధం చెబితే ఆదివారానికి అది కూడా ఆ పిల్ల మెడకే చుట్టుకుంటుంది. ఉన్నట్టుండి నాకు ఒక ఆలోచన తట్టింది.

"పెద్దమ్మా, ఉన్నవాళ్లదీ చెప్పను, లేనివాళ్లదీ చెప్పను. ఈ దుకాణంలో ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పేది లేదు. ఎవురిదైనా సరే."

"ఎవురిదైనా?"

"ఎవురిదైనా."

"సరే" అంది ఆమె, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని. "మా ఆయనకు పవరెంతో చెప్పు, చూద్దాం."

చూశారా దెబ్బ! మొగుడిది పెళ్లానికి చెబితే, ఆ పిల్లది చెప్పనందుకు అర్థం ఒక్కటే. చెప్పకపోతే ఈమెతో రాసుకుని పూసుకుని తిరిగిన ఇన్నేళ్ల స్నేహం ఇక్కడితో సరి.

"చెప్పను" అన్నాను.

"నా మొగునిదే!"

"ఆయన్నే అడుగు."

"తోలుకొచ్చింది నేను గదా!"

"తోలుకొచ్చింది నువ్వే పెద్దమ్మా. చూపిచ్చుకునింది ఆయన."

ఇంక చూడాలి గోల! టీ తాగేవాళ్లు గ్లాసులతో సహా వచ్చి నా మెట్ల మీద నిలబడ్డారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సు వదిలేసి వచ్చారు. ఒకాయన "మా వదినెది చెప్పు" అన్నాడు, చెప్పనన్నాను. ఇంకొకాయన "పోనీ మా బాకీదారుది ఇంటి నంబరు చెప్పు" అన్నాడు, ఆయన మీద కళ్లెర్రజేశాను. టీ కొట్టాయన ఇంకా తెలివి చూపించి, "అక్కా, మీ అమ్మకెంత?" అన్నాడు. "చెప్పను" అన్నాను.

మా అమ్మకు రోషం వచ్చింది. "ఏందే, నాది చెప్తే ఏమైతది నీకు? నేనే చెప్తా!"

"నీది నువ్వు చెప్పుకో, ఎవురు వద్దన్నారు?"

"ప్లస్ రెండున్నర!" అని మా అమ్మ ఎన్నికల్లో గెలిచినంత గట్టిగా ప్రకటించింది. మెట్ల మీద ఒకటే నవ్వులు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "ఎంత మదం! గిద్దలూరులో లేవా అద్దాల దుకాణాలు" అని సంచి భుజాన వేసుకుని విసవిసా పోయింది.

ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ఆమె ఏం అనుకుని పోయిందో తెలియదు. నా మాట నమ్మిందా, లేక "ఉన్నట్టే" అని తేల్చుకుందా? తేల్చుకుంటే ఆదివారం వాళ్లు రానే రారు. పిల్ల అద్దాలు తుడుచుకుని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

మర్నాడు పెద్దమ్మ భర్త వచ్చాడు. పంచె దుమ్ము దులుపుకుని, ఒక సంచి బుడమకాయలు కౌంటరు మీద పెట్టాడు. అటూ ఇటూ చూసి, "మా ఆమె అడిగితే నాది చెప్పలేదంట గదా పాపా" అన్నాడు. కోప్పడడానికి వచ్చాడేమో అనుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "సల్లంగా ఉండు తల్లీ. చెప్పుంటే నన్ను బండెక్కనిచ్చేది కాదు" అన్నాడు.

ఆయనకేముందో మీకూ చెప్పను. వద్దన్నది ఆయనే.

"పెదనాయనా, పెద్దమ్మ ఏమంటాంది?" అని అడిగాను.

"రాత్రంతా తిట్టింది నిన్ను. ఆ ఆడమనిషి రాయి, మొగునిది పెళ్లానికే చెప్పలేదు, ఆమె చెప్పలేదని ఆ పిల్లకు ఉందనుకునేదానికి లేదు, లేదనుకునేదానికీ లేదు అనింది. ఆదివారం పోతన్నాం."

నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను! ఆ పెద్దాయన బెదిరిపోయాడు పాపం. బలవంతంగా కూర్చోబెట్టి టీ తాగించి పంపాను.

శనివారం ఆ పిల్ల ఫ్రేము బిగించుకోవడానికి వచ్చింది. పని అయిపోయినా కదలదే! కౌంటరు మీద వేలితో గీతలు గీస్తూ నిలబడింది.

"అక్కా, వాళ్లు నీకు తెలిసినవాళ్లే గదా. ఆయన ఎప్పుడన్నా వచ్చినాడా నీ కాడికి? ఆయనకేమన్నా సైటు..."

ఎవరి కోసం ఊరంతటితో పోట్లాడానో ఆ పిల్లే అడుగుతోంది! చెబితే ఏమవుతుంది, మన పిల్లే కదా అని నా నోటిదాకా వచ్చింది. అవును, అందరూ నన్ను అడిగేది సరిగ్గా ఆ మాటతోనే.

"చెప్పను" అన్నాను.

"నాకు కూడానా?" అంది. ముఖం కాసేపు చిన్నబోయింది. తర్వాత ఫక్కున నవ్వింది. "అయితే ఆయన నోటితోనే వింటాలే."

ఆదివారం నన్ను కూడా రమ్మంది కానీ మా అమ్మే ఆపింది. "నువ్వు పోతే ఇంక ఆ పిల్ల చెప్పేదేముంది? అద్దాల దుకాణం బోర్డు పోయి నట్టింట్లో కూర్చున్నట్టే గదా!" అంది. దుకాణంలోనే ఉండిపోయాను. ఒక్కరూ రాలేదు. ఫోను పట్టుకుని గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాను. మా అమ్మ "కూర్చోవే, కళ్లు తిరుగుతన్నాయి నాకు" అని అరుస్తూనే ఉంది.

ఎండ తగ్గేవేళకు ఫోను మోగింది.

"అక్కా, చెప్పేసినా!" అంది పిల్ల. "కాఫీలు ఇచ్చి కూర్చున్నా. వాళ్లు అడగకముందే, నాకు చిన్నప్పటి నుంచి సైటు, మైనస్ తొమ్మిది, ఇవి లేకుంటే మీ ముఖాలు నాకు కనపడవు, ఉంటే అన్నీ కనపడతాయి, ఇదీ నా సంగతి అని చెప్పేసినా. మా అమ్మ తలకాయ కొట్టుకునింది."

"ఆయనేమన్నాడే?"

"నావైపే చూసినాడు. నేనూ చూసినా, బాగా చూసినా!"

"ఆమె?"

"ఒక్క మాట మాట్లాడలేదక్కా. నన్ను అట్లనే చూస్తా కూర్చునింది. పోయేటప్పుడు ఇంటికి పోయి కబురు చేస్తాం అన్నారు."

మా వైపు కబురు చేస్తామంటే ఏమిటో అందరికీ తెలుసు. నచ్చితే అక్కడే తాంబూలాల మాట వస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెను నాలుగు తిట్లు తిట్టాను, మా అమ్మ ఇంకో నాలుగు కలిపింది. "పోతే పోనీలే అక్కా, ఈసారి నేను చెప్పినదానికే పోయింది" అని పిల్ల ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆ వారం బడి వదిలాక కూడా నా దుకాణం ముందు నుంచి తలెత్తకుండా పోయేది. కబురు రాలేదు.

తర్వాత ఒక పొద్దున పెద్దమ్మ వచ్చింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. నేరుగా పోయి పరీక్ష కుర్చీలో కూర్చుంది.

"చూడు" అంది.

"ఏంది చూసేది?" కోపం దాచుకోవడం నాకు చేతకాదు.

"నా కండ్లు."

తిట్టాలని నోట్లో సిద్ధంగా ఉన్న మాటలు అక్కడే ఆగిపోయాయి. చదువురానివాళ్ల కోసం పెట్టిన పటం వెలిగించాను, అందులో మూడు కాళ్ల 'E' గుర్తులు ఎటు తిరిగి ఉన్నాయో వేలితో చూపించాలి. ఆమె వేలు గాలిలో తడుముకుంది. పై వరుసలోనే తడుముకుంది. అద్దాలు మార్చి మార్చి చూస్తున్నాను. ఆమె మెల్లగా మొదలుపెట్టింది.

"మా ఇంట్లో చెప్పబాకు."

"చెప్పను."

"మా ఆయనకు చెప్పబాకు. మంద కాడికి రానియ్యడు."

"చెప్పను పెద్దమ్మా."

"మా వానికి చెప్పబాకు."

"చెప్పనులే."

"మా కోడలికి చెప్పబాకు."

నా చేతిలో అద్దం అలాగే ఆగిపోయింది. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడికి ఇంకా పెళ్లి కాలేదు.

"ఏ కోడలికి?"

"ఏ కోడలేంది? పెద్దారవీడు పిల్లకు. పొద్దున్నే కబురు పంపినాం" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. తర్వాత గొంతు తగ్గింది, ఈసారి నిజంగానే తగ్గింది. "అంతమంది కొత్తవాళ్లలో కూర్చోని తన సంగతి తానే చెప్పుకునింది పాపా. నేను ఎన్నాళ్ల నుంచి సూదిలో దారం ఎక్కిచ్చలేక పడతన్నానో కట్టుకున్నోనికి చెప్పలా. ఆ పిల్ల మాట్లాడతాంటే నాకు సిగ్గేసింది. ఇంటికి పోయినా నిద్ర పట్టలా."

సరిగ్గా అప్పుడే కౌంటరు మీద ఫోను మోగింది. ఆ పిల్లే! స్పీకరు నొక్కకుండానే గది నిండా వినపడింది.

"అక్కా! కుదిరిందక్కా! కబురొచ్చింది!"

"అవునా! నిజమా!" అన్నాను. నాకు నటించడం రాదని ఆ రెండు మాటల్లోనే తేలిపోయింది.

"అక్కా, నీకు ముందే తెలుసా? ఎవురు చెప్పినారు? దుకాణంలో ఎవురన్నా ఉన్నారా?"

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది. నేను "ఎవరూ లేరే" అని అబద్ధమాడబోయాను. ఆమె చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

ఫోను ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో చెవికి ఆనించుకుంది.

"నేనేనమ్మా, అత్తను" అంది. "అద్దాల దుకాణంలో ఉండా. నాకు కూడా కండ్లు కనపడటంల్యా తల్లీ. ఇంతవరకు ఎవురికీ చెప్పలా. నీకే చెప్తన్నా."